ఏటి మీద ఒక పూట
(రూపనగుడిలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో సాధారణంగా చదువు గురించి, క్రమశిక్షణ గురించి మాట్లాడతారు. నేను ఈ రోజు ఒక విహారయాత్ర గురించి మాట్లాడబోతున్నాను. దానికి కారణం ఉంది. ఈ సంవత్సరం ఉపకార వేతనాలు పొందిన పిల్లలను ఒక రోజు హంపికి తీసుకువెళ్ళాలని, తుంగభద్రలో పుట్టి ఎక్కించాలని ట్రస్టు వారు అనుకున్నారు. ఆ మాట తెలియగానే పిల్లలు సంతోషించారు. కొందరు తల్లులు మాత్రం నా దగ్గరకు వచ్చి, "సార్, గుడి చూపించండి, రథం చూపించండి. నీళ్ళ మీదికి ఎందుకు?" అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా పిల్లలను బస్సు ఎక్కించడం తప్పు. అందుకే ఈ ప్రసంగం.

మన వైపు పిల్లలకు ఏరు అంటే హగరి. పుస్తకాల్లో వేదవతి అని రాస్తారు. అందులో మనం ఎక్కువ కాలం చూసేది ఇసుకే. ఇసుకలో ఆడుకున్నాం, చెలమలు తీసి నీళ్ళు తాగాం. ఏరంటే నడిచి దాటేదని మన మనసులో నిలిచిపోయింది. కాని 2022లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. చిత్రదుర్గం జిల్లాలో వేదవతి మీద ఉన్న మారికణివె జలాశయం 1933 తర్వాత మళ్ళీ ఆ సంవత్సరమే నిండి పొర్లింది. దిగువన భైరవానితిప్ప దగ్గర గేట్లు ఎత్తారు. ఇసుక మేటలే చూసిన మన పిల్లలు ఆ ఏడాది ఒడ్డు నుంచి ఒడ్డుకు ఎర్రనీరు పారడం చూశారు. నీరు లేని ఊళ్ళో పెరిగిన పిల్లలకు నీటి భయం ఉండదు, నీటి తెలివీ ఉండదు. ఆ రెండూ నేర్పడం కూడా చదువులో భాగమేనని నా అభిప్రాయం.

ఇక పుట్టి సంగతి. కన్నడంలో హరిగోలు అంటారు, మనవాళ్ళలో కొందరు అరిగోలు అంటారు. వెదురు బద్దలతో పెద్ద బుట్టలా అల్లి, పూర్వం పైన తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తున్నారు. ఇది నిన్న మొన్న యాత్రికుల కోసం పుట్టినది కాదు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది వైపు జనం ఇలాంటి గుండ్రని బుట్టల్లోనే నది దాటుతున్నారని రాశాడు. గుర్రాలను, ఎద్దులను కూడా వాటిలో దాటించేవారట. అవి నేరుగా పోకుండా గిరగిర తిరుగుతూ పోతాయని కూడా ఆయన రాశాడు. అలా ఎందుకు తిరుగుతాయి? మామూలు పడవకు ముందు వెనుకలు ఉంటాయి, అడుగున నీటిని కోసే వెన్ను ఉంటుంది. పుట్టికి ఆ రెండూ లేవు. కాబట్టి తెడ్డు ఒక పక్క వేయగానే అది తిరగడం మొదలుపెడుతుంది. కాని అడుగు చదునుగా ఉండడం వల్లనే జానెడు లోతులో కూడా బండల మధ్య తేలిపోగలదు. తుంగభద్ర వంటి రాతి నదికి మన పెద్దలు కనిపెట్టిన తగిన వాహనం అది.

సులువైన నదీ విహారం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఒక దూరపు ఉదాహరణ చెబుతాను. అమెరికాలో మిస్సోరీ, ఆర్కాన్సా రాష్ట్రాల్లో ఓజార్క్ అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడ కరెంట్ అనే నదిని, జాక్స్ ఫోర్క్ అనే దాని ఉపనదిని కాపాడడానికి 1964లో ప్రత్యేక చట్టం చేశారు. ఆర్కాన్సాలోని బఫెలో నదిని 1972లో జాతీయ నదిగా ప్రకటించారు. వేసవి వస్తే అక్కడి కుటుంబాలు పిల్లాపాపలతో చిన్న పడవలు అద్దెకు తీసుకొని, ఒక రేవులో ఎక్కి, ప్రవాహంతో పాటు కిందికి సాగి, సాయంత్రానికి మరో రేవులో దిగుతారు. వాళ్ళ పద్ధతిలో నాకు నచ్చినది ఒకటే. ఎక్కడ ఎక్కాలని కాక, ఎక్కడ దిగాలని ముందు నిర్ణయిస్తారు. నదిలో నీరు ఎంత మట్టంలో ఉందో ప్రభుత్వ కొలమానాలు చూసి గాని బయలుదేరరు. మట్టం ఎక్కువగా ఉంటే ఆ రోజుకు మానేస్తారు.

సులువు అనేది నదిలో ఉండదు. ముందు రోజు సాయంత్రం మనం తీసుకునే నిర్ణయాలలో ఉంటుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆ నిర్ణయాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది నీరు. కరెంట్ నదికి పెద్ద పెద్ద ఊటల నీరు అందుతుంది. మన తుంగభద్రకు హంపి దగ్గర వచ్చే నీరు చాలా వరకు హోస్పేట ఆనకట్ట నుంచి వదిలేది. ఆ ఆనకట్టకు 33 గేట్లు ఉన్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తవలసి వచ్చింది. దాదాపు లక్ష క్యూసెక్కుల నీరు నదిలోకి వెళ్ళింది. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28.3 లీటర్లు. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు 28 లక్షల లీటర్లకు పైగా. 12 వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే, ఒక్క సెకనులో దాదాపు 236 ట్యాంకర్లు. లెక్కల విద్యార్థులు ఇంటికి వెళ్ళి సరిచూసుకోండి. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోండి. ప్రవాహ వేగం రెట్టింపైతే అది మనిషిని నెట్టే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. నిన్న మోకాలి లోతులో నిలబడినవాడు ఈ రోజు అదే లోతులో నిలబడలేకపోవడానికి కారణం అదే.

గేటు తెగడం ఎప్పుడో జరిగేది. కాని వర్షాకాలంలో గేట్లు ఎత్తడం మామూలే. హంపిలో పురందరదాసు మండపం నీట మునిగిందని మనం పత్రికల్లో తరచూ చదువుతాం. అలాంటి రోజుల్లో పుట్టిలు నడపకుండా ఆపేస్తారు. హంపిలో ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎగువన శివమొగ్గ వైపు వానలు పడితే ఇక్కడ నది పెరుగుతుంది. కాబట్టి జూన్ నుంచి అక్టోబరు మధ్య వరకు మనం ఆలోచించనక్కరలేదు. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య వరకు మంచి కాలం. ఎండ తక్కువ, నీరు నెమ్మదిగా ఉంటుంది. అయినా బయలుదేరే ముందు రోజు జలాశయం నుంచి నదికి ఎంత వదులుతున్నారో తెలుసుకోవాలి. తుంగభద్ర బోర్డు రోజూ ఆ వివరాలు ప్రకటిస్తుంది, మన జిల్లా పత్రికలు వేస్తాయి. రేవుకు వెళ్ళాక పుట్టి నడిపే పెద్దమనిషిని అడగాలి: "నిన్నటికంటే నీళ్ళు పెరిగాయా?" ఆయన తల అడ్డంగా తిప్పి, వద్దంటే వద్దు. ఇంకొకరిని వెతకకూడదు.

రెండవది గంటలు. మనం ఉదయం 6 గంటలకు ఇక్కడ బయలుదేరుతాం. బళ్ళారి నుంచి హోస్పేట సుమారు 65 కిలోమీటర్లు, అక్కడి నుంచి హంపి 13 కిలోమీటర్లు. సర్కారు సాధారణ బస్సుల్లో ఆడవారికి కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద టికెట్టుకు డబ్బు లేదు, గుర్తింపు కార్డు మరవకండి. 9 గంటలకు విరూపాక్ష స్వామి దర్శనం. అక్కడి నుంచి ఏటి ఒడ్డునే నడిచి చక్రతీర్థానికి. కోదండరామ ఆలయం ముందున్న రేవులో 10 గంటలకు పుట్టి ఎక్కడం. బండల మీద చెక్కిన కోటిలింగాలు చూసి అదే రేవుకు తిరిగి రావడం. నీటి మీద గంటకు మించి ఉండం. పన్నెండుకల్లా అందరూ ఒడ్డున ఉండాలి. ఆ తరువాత భోజనం, విఠ్ఠలాలయం, రాతిరథం. సాయంత్రం 4 గంటలకు తిరుగు ప్రయాణం. ఎక్కడ ఎక్కుతామో అక్కడే దిగుతాం గనుక, దాటి పోయిన తరువాత ఎలా రావాలనే చిక్కు మనకు లేదు. సాయంత్రపు వెలుగులో ఫొటోలు బాగుంటాయని కొందరు అంటారు. చీకటి పడే వేళ పిల్లలను నీటి మీద ఉంచి తీసుకునే ఫొటో మనకు అవసరం లేదు.

మూడవది సంఖ్య. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి.

ఇరవై ఏళ్ళకు పైబడిన సంగతి. నేను పనిచేసిన పాఠశాల నుంచి తొమ్మిదవ తరగతి పిల్లలను 14 మందిని తుంగభద్రకు తీసుకువెళ్ళాను. పుట్టి నడిపే అతను, "రెండు సార్లుగా పోదాం సార్" అన్నాడు. విడతకు ఇంత అని ధర. నా దగ్గర ఉన్నది పిల్లల నుంచి వసూలు చేసిన డబ్బు. నాలుగు రాళ్ళు మిగిలిస్తే అందరికీ ఒక టీ, బజ్జీ వస్తాయనుకున్నాను. "పిల్లోళ్ళే కదా, బరువేముంది?" అని నేనే బలవంతం చేసి 14 మందినీ ఎక్కించాను. కూర్చోవడానికి చోటు చాలక నలుగురైదుగురు అంచు మీద కూర్చున్నారు. నది మధ్యలో ఒక అమ్మాయి నీళ్ళసీసా జారి పడింది. దాన్ని అందుకోవడానికి ఐదారుగురు ఒకేసారి ఆ పక్కకు వంగారు. అంచు నీటిని తాకింది. చీలమండల దాకా నీళ్ళు లోపలికి వచ్చాయి. అతను కేక పెట్టి అందరినీ అడుగున కూర్చోబెట్టి, తెడ్డును నీటికి అడ్డంగా పట్టి నిలబెట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒడ్డుకు చేరాక నేను నవ్వాను కూడా.

మర్నాడు ఆ అమ్మాయి తండ్రి బడికి వచ్చాడు. కూలి పని చేసుకునే మనిషి. కోపంగా మాట్లాడలేదు. "రెండు సార్లుగా పోయింటే ఎంతయ్యేది సార్?" అని మాత్రం అడిగాడు. నూట ఇరవై రూపాయలు. నేను ఆ అంకె చెప్పలేకపోయాను. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

విజ్ఞాన శాస్త్రం చదివే పిల్లల కోసం ఆ లెక్క చెబుతాను. పుట్టి అడుగు సుమారు 2 మీటర్ల వెడల్పు అనుకోండి. అడుగు వైశాల్యం 3.14 చదరపు మీటర్లు. అది ఒక సెంటీమీటరు లోతుకు దిగితే 31 లీటర్ల నీటిని తొలగిస్తుంది, అంటే 31 కిలోల బరువు మోస్తుంది. 60 కిలోల మనిషి ఎక్కితే దాదాపు 2 సెంటీమీటర్లు దిగుతుంది. ఆ రోజు 14 మంది పిల్లల బరువుకు 18 సెంటీమీటర్లు దిగి ఉంటుంది. అంచు అంతకంటే చాలా ఎత్తు. అంటే లెక్క ప్రకారం అది మునగకూడదు. మోసం చేసేది ఈ లెక్కే. మనుషులు రాళ్ళమూటల్లా కదలకుండా ఉండరు. పుట్టిని ముంచేది బరువు ఒక్కటే కాదు, బరువు ఒక పక్కకు జరగడం, బరువు పైకి లేవడం కూడా. కాబట్టి ఎంతమంది ఎక్కవచ్చు అనే ప్రశ్నకు జవాబు కిలోల్లో వెతకకండి. ఎంతమంది అడుగున చతికిలబడి కూర్చోగలరో అంతమందే. మన యాత్రలో ఒక పుట్టికి ఐదుగురు పిల్లలు, ఒక పెద్దవారు. ఎక్కేటప్పుడు ఒక్కొక్కరుగా మధ్యలో అడుగు వేయాలి. దిగేవరకు లేవకూడదు. ఏది పడిపోయినా, చెప్పైనా సెల్‌ఫోనైనా, పోనివ్వాలి.

నాలుగవది లైఫ్ జాకెట్. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర, నది వరదలో ఉండగా బయలుదేరిన బోటు మునిగి దాదాపు యాభై మంది ప్రాణాలు పోయాయి. రెండూ సెలవురోజు ఉల్లాసంగా మొదలైన ప్రయాణాలే. ఈ రెండు దుర్ఘటనల తరువాత కూడా జాకెట్ చంకలో పెట్టుకొని కూర్చునేవారు ఉన్నారు. జాకెట్ వేసుకుంటే చాలదు, కట్లన్నీ బిగించాలి. భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగితే చెవుల దాకా రాకూడదు. పిల్లలకు పిల్లల సైజుదే కావాలి. రేవులో అందరికీ సరిపడా జాకెట్లు లేకపోతే, ఉన్నన్ని జాకెట్లకు అంతమందే విడతలుగా వెళ్తారు.

ఐదవది నీటిలోకి దిగడం. దిగకూడదు. ఈ మాటలో సడలింపు లేదు. తుంగభద్రలో మొసళ్ళు ఉన్నాయి, ఒడ్డున హెచ్చరిక బోర్డులు కూడా ఉన్నాయి. ఆనకట్ట నుంచి కంప్లి వంతెన దాకా 34 కిలోమీటర్ల నదిని 2015లో నీటికుక్కల సంరక్షణ కోసం ప్రత్యేకంగా ప్రకటించారు. ఆ నది మనకంటే ముందు వాటి ఇల్లు. అదృష్టం బాగుంటే నీటికుక్కలు కనిపిస్తాయి, చప్పుడు చేయకుండా చూడండి. మొసలికంటే పెద్ద అపాయం బండలు. పైన నీరు నిశ్చలంగా కనిపిస్తుంది, అడుగున బండల సందుల్లో ప్రవాహం లాగుతుంది. 2025 ఫిబ్రవరిలో, అంటే నది నెమ్మదిగా ఉండే కాలంలోనే, సణాపురం దగ్గర బండ మీద నుంచి నీటిలోకి దూకిన ఒక యువతి కొట్టుకుపోయి మరణించింది.

ఇక్కడ కూర్చున్న వాళ్ళలో కొందరు రేపు ఇంజనీరింగు చదివి విదేశాలకు వెళ్తారు. కాబట్టి ఇందాక చెప్పిన ఓజార్క్ ప్రాంతానికి మళ్ళీ వస్తాను. 2022 నవంబరులో, అక్కడ సెలవుల సమయంలో, మిస్సోరీలోని ఓజార్క్స్ సరస్సులో తెలంగాణ నుంచి వెళ్ళిన ఇద్దరు విద్యార్థులు మునిగిపోయారు. ఒకరు నీటిలో చిక్కుకుంటే, కాపాడడానికి దిగిన స్నేహితుడూ పోయాడు. ఎంత మంచి మనసు! అయినా రెండు ఇళ్ళలో దీపాలు ఆరిపోయాయి. అందుకే ఈ మాట మనసులో పెట్టుకోండి. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకకండి. కేకలు వేయండి. తాడు, చీర, పొడవైన కర్ర, ఖాళీ నీళ్ళక్యాను, ఏది అందితే అది విసరండి. ఒడ్డున నేల మీద పడుకొని చేయి అందించండి. 112కు ఫోను చేయండి. ఇది పిరికితనం కాదు. మనం కూడా మునిగితే అతన్ని కాపాడేవాళ్ళు ఉండరు.

ఇక చిన్న విషయాలు. జొన్నరొట్టెలు, శెనగపొడి, చిత్రాన్నం ఇంటి నుంచే తెచ్చుకుందాం. పుట్టిలోకి తిండి తీసుకురావద్దు. ఒడ్డున కూడా సంచులు మూసి ఉంచండి, హంపి కోతుల సంగతి మీకు తెలుసు. ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్ళు, టోపీ లేదా తువ్వాలు, కాలికి పట్టీ ఉన్న చెప్పులు. ఆస్తమా, మూర్ఛ వంటి ఇబ్బంది ఉన్న పిల్లల తల్లిదండ్రులు ముందే చెప్పండి, మందులు వెంట ఉంచండి. వాళ్ళను మానిపించడానికి కాదు, పెద్దవాళ్ళ పక్కన కూర్చోబెట్టడానికి. ధర ఒడ్డునే మాట్లాడుకుంటాం, విడతల సంఖ్య తగ్గించి మాత్రం బేరం ఆడం.

తల్లిదండ్రులకు నా మనవి. పిల్లలను పంపనని అనకండి. ఒడ్డున ఆపినంత మాత్రాన పిల్లలు నీటికి దూరంగా ఉండరు. ఏదో ఒక రోజు స్నేహితులతో, మీకు చెప్పకుండా వెళ్తారు. అప్పుడు వాళ్ళకు ఈ లెక్కలు తెలియవు. కాబట్టి పంపండి, కాని ప్రశ్నలు అడిగి పంపండి. నదిలో నీరెంత? ఎన్ని గంటలకు ఒడ్డుకు వస్తారు? ఒక పుట్టికి ఎంతమంది? అందరికీ జాకెట్లున్నాయా? బాధ్యత ఎవరిది? ఈ ఐదింటికి తిన్నగా జవాబు చెప్పలేని వారితో, వారు ఎవరైనా సరే, నాతో సహా, పిల్లలను పంపకండి.

విద్యార్థులకు ఒక మాట. ఆ రోజు రేవులో మీలో ఎవరికైనా భయం వేస్తే, "నేను ఒడ్డునే ఉంటాను" అని చెప్పండి. ఎవరూ ఎగతాళి చేయకూడదు. ఒడ్డున కూడా ఒక పెద్దవారు ఉంటారు. నీరు పెరిగిందని పుట్టి నడిపేవారు చెబితే, మనం మొత్తం బృందం వెనక్కి తిరుగుతాం. విరూపాక్షుడి గుడి నీడలో కూర్చొని రొట్టెలు తిని వస్తాం. అప్పుడు యాత్ర చెడిపోయిందని ఇంట్లో చెప్పకండి. మా వాళ్ళకు వెనక్కి రావడం తెలుసు అని చెప్పండి.

ఆ తండ్రి అడిగిన ప్రశ్న మళ్ళీ ఎవరూ మన ట్రస్టును అడగవలసిన అవసరం రాకూడదు. ఈ సారి నేను రెండు విడతల డబ్బు ముందే జేబులో వేరుగా పెట్టుకొని వస్తాను.